మీరెవరి తాలూకండీ?

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. "ఎవరో మూడుసార్లు చేశార్రా. పేరు పడలేదు, నేను ఎత్తలేదు. ఎవరో చూడు" అంది. అమ్మ అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. ఆవిడది బటన్ల ఫోన్. నేనుండేది కాకినాడలో. తెలియని నంబరు ఎత్తొద్దని ఆవిడకి పదేపదే చెప్పింది నేనే కాబట్టి, ఆ నంబరు ఎవరిదో కనుక్కునే పని కూడా నా నెత్తినే పడింది.

అంకెలు ఒక్కొక్కటే చెప్పించుకుని, పేర్లు చూపించే యాప్ ఒకదాంట్లో కొట్టాను. "అప్పు రాంబాబు" అని వచ్చింది. పేరు చుట్టూ ఎర్రరంగు. ఈ నంబరు మీద ఫిర్యాదులున్నాయని కింద ఒక ముక్క.

అప్పు రాంబాబంటే అప్పులిచ్చే రాంబాబా, అప్పు చేసిన రాంబాబా? నాకర్థం కాలేదు. తెలివితక్కువగా ఆ పేరు అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. నాన్న పోయి మూడేళ్ళయింది. "మీ నాన్న నాకు చెప్పకుండా ఎవరి దగ్గరన్నా తెచ్చారంటావా?" అంది చివరికి.

నాన్న అలాంటి మనిషి కాదని నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. అయినా ఆ రోజంతా బీరువాలో కాగితాలు, ఆయన పాత డైరీలు తీసి చూసుకుందిట. ముప్పయ్యెనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి మీద అనుమానం పుట్టడానికి ఎవరో ఎప్పుడో కొట్టిన రెండు మాటలు సరిపోయాయి.

నేను అక్కడితో ఊరుకోలేదు. పేమెంట్ యాప్‌లో కూడా ఆ నంబరు కొట్టాను. ఈ కిటుకు ఇప్పుడు అందరికీ తెలిసిందే. ఆ నంబరు యూపీఐకి కలిపి ఉంటే డబ్బు పంపక్కర్లేదు, పంపబోతున్నట్టు నటిస్తే చాలు, బ్యాంకులో ఉన్న పేరు వచ్చేస్తుంది. ఈసారి ఒక ఆడమనిషి పేరు వచ్చింది, ఇంటిపేరుతో సహా. "ఆ ఇంటిపేరు వాళ్ళు మనూళ్ళో లేరే" అంది అమ్మ. కంగారు ఇంకో మెట్టు పెరిగింది.

గురువారం సంగతి తేలింది. ఫోన్ చేసింది మా తోటలో కొబ్బరి దింపు తీసే మనిషి. పదేళ్ళుగా మా చెట్లెక్కుతున్నాడు. మంగళవారం ఖాళీ దొరికింది, వచ్చి దింపు తీసేస్తానని చెప్పడానికి చేశాడు. ఎవరూ ఎత్తకపోయేసరికి వేరే తోటకి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా వంతు వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది.

ఒక నంబరు, మూడు పేర్లు

అతను వచ్చిన రోజు నేనూ ఊళ్ళోనే ఉన్నాను. దింపు అయ్యాక టీ తాగుతూ కూచున్నప్పుడు ఆ నంబరు కథ అడిగాను.

పాత ఫోన్ కాలవలో పడిపోయిందిట. కొత్త సిమ్ము కోసం సెంటర్లో గొడుగు వేసుకుని కూచునే కుర్రాడి దగ్గరికి వెళ్తే, వేలిముద్ర పడలేదు. రోజూ కొబ్బరిచెట్టు పట్టుకుని ఎక్కే చేతులు, గీతలన్నీ అరిగిపోయాయి. మిషను నాలుగుసార్లు కాదంది. పక్కనే ఉన్న మేనల్లుడు తన వేలు పెట్టాడు. కాబట్టి కంపెనీ కాగితాల్లో ఆ నంబరు మేనల్లుడిది. బ్యాంకు ఖాతా భార్యది, ఆవిడ డ్వాక్రా సంఘంలో ఉంది, ఆ ఖాతాకి ఇంట్లో ఉన్న ఒక్క నంబరూ ఇచ్చారు. నాకు కనబడిన ఇంటిపేరు ఆధార్‌లో మారకుండా మిగిలిపోయిన ఆవిడ పుట్టింటిది.

మరి రాంబాబు? రాంబాబు ఈ నంబరుకి పాత యజమాని. వాడకం ఆగిపోయిన నంబర్లను కంపెనీలు కొన్నాళ్ళు ఖాళీగా ఉంచి మరొకరికి ఇస్తాయి. కనీసం తొంభై రోజులు ఎవరికీ ఇవ్వరని 2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకి చెప్పింది. తొంభై రోజుల్లో నంబరు చల్లారుతుందేమో గానీ దానికి అంటుకున్న పేరు చల్లారదు. రాంబాబు ఎక్కడో ఏదో లోన్ తీసుకుని కట్టలేదు. ఎవరో అతన్ని అప్పు రాంబాబని తమ ఫోన్‌లో దాచుకున్నారు, అది యాప్‌లోకి ఎక్కింది, ఎవరో ఫిర్యాదు చేశారు. అతను నంబరు వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ మచ్చ మాత్రం మా దింపు మనిషికి వచ్చింది.

"రికవరీ వాళ్ళు రోజూ చేస్తారండి. నేను కాదండి బాబూ అంటే నమ్మరండి. నీ పేరే పడతందిగా అంటారండి" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఈ మధ్య కొత్త తోటలవాళ్ళు ఎవరూ తన ఫోన్ ఎత్తట్లేదుట. ఎందుకో అతనికి అర్థం కాలేదు. అతనిది కూడా బటన్ల ఫోనే, ఆ యాప్ లేదు. తన నంబరు పక్కన ఏం రాసి ఉందో ఊరందరికీ కనబడుతోంది, అతనికి తప్ప.

యాప్‌లో రాంబాబు, బ్యాంకులో భార్య, సిమ్ము కాగితంలో మేనల్లుడు. "ఈ నంబరు ఎవరిది" అని మూడు చోట్ల అడిగితే మూడు జవాబులొచ్చాయి. మూడూ ఏదో ఒక లెక్కలో సరైనవే. చెట్టెక్కే మనిషి మాత్రం ఒక్కదాంట్లోనూ లేడు.

అప్పటినుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిపడుతోంది. తెలియని నంబరు ఎవరిదో వాళ్ళకి తెలియకుండా తవ్వుకునే అలవాటు మనకి మంచిది కాదు. మామూలు మనుషుల పేర్లు ఫోన్ మోగగానే అందరికీ కనబడేలా చేయడం అంతకన్నా మంచిది కాదు. ఫోన్ చేసినవాళ్ళు తామెవరో తామే చెప్పాలి. సంస్థలైతే చెప్పి తీరాలి. ఇది రాస్తున్నప్పుడే నాకు ఎదురు మాటలు వినబడుతున్నాయి. ఒక్కొక్కదాని దగ్గరికే వస్తాను.

పి.పి. నంబర్ల కాలం

మా ఇంటికి ఫోన్ వచ్చింది 1996లో. అంతకుముందు మా అక్క పెళ్ళి శుభలేఖ మీద వేసిన నంబరు పక్కవీధి కొబ్బరి వ్యాపారి గారిది, పక్కన చిన్న అక్షరాల్లో పి.పి. అని. ఆ రెండక్షరాలు చూస్తే ఈ నంబరు వీళ్ళది కాదు, ఇక్కడికి చేస్తే పిలుస్తారు అని అందరికీ అర్థమయ్యేది. నంబరు ఒకరిది, మాట్లాడేది మరొకరు. కోనసీమలో సగం పెళ్ళిళ్ళు, సగం చావు కబుర్లు అలాగే తెలిశాయి.

అప్పుడు ప్రతి ఫోనూ తెలియని నంబరే. తెర లేదు, అంకెలు కనబడవు. అందుకే ఎత్తగానే మొదటి మాట ఎవరండీ అని. రెండో మాట ఎవరి తాలూకండీ అని. అవతలివాళ్ళు కూడా దానికి సిద్ధపడే చేసేవారు. "ఆయ్, నేనండీ, ముక్కామల నుంచండీ, ఫలానా వారి రెండో అబ్బాయినండీ" అని ఊరు, వరస, పని చెప్పుకుని తర్వాత అసలు విషయంలోకి దిగేవారు. ఇప్పుడు ఆ మర్యాద పోయింది. మన పేరు అవతల పడుతుందన్న ధీమాతో "ఆఁ, ఎక్కడున్నావ్" అని మొదలుపెడుతున్నాం. నేనూ అంతే.

ఇక్కడ మా తమ్ముడు ఒక ఎదురు ప్రశ్న వేశాడు. "టెలిఫోన్ డైరెక్టరీ మర్చిపోయావా? పేరు, డోర్ నంబరు, వీధి, ఫోన్ నంబరు అచ్చేసి ఇంటింటికీ ఇచ్చారు. అప్పుడు ఎవరూ ఏడవలేదు. ఇప్పుడు ఉత్త పేరు కనబడితే కొంప మునిగిందా?"

మంచి ప్రశ్నే. రెండు రోజులు ఆలోచించాను. డైరెక్టరీ పేరు నుంచి నంబరుకి వెళ్ళేది. నాకు ఒక మనిషి తెలిసుండాలి, ఆయనతో పని ఉండాలి, అప్పుడు ఆయన ఇంటిపేరు మొదటి అక్షరం దగ్గర వెతుక్కోవాలి. నంబరు చూసి మనిషిని పట్టుకోవాలంటే ఆ లావు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలి. ఇప్పటి వెతుకులాట దానికి తలకిందులు. పైగా డైరెక్టరీలో పేరు ఫోన్ పెట్టించుకున్నాయన తాను రాసిచ్చింది. అప్పు రాంబాబు అని ఎవరూ రాసిచ్చుకోరు. ఊళ్ళో అందరికీ ఏదో ఒక మారుపేరు ఉంటుంది, అది వెనకాల అనుకునేది. నా ఫోన్‌లోనే "నస సూర్యనారాయణ" ఉన్నాడు. అది నా ఫోన్‌లో ఉన్నంతవరకు నా గొడవ. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా మనిషి సొంతానికి, ఇంటి అవసరానికి దాచుకున్న వివరాల జోలికి రాదు. అదే పేరు ఒక కంపెనీ సర్వర్లోకి వెళ్ళి సూర్యనారాయణ గారి కాబోయే వియ్యంకుడికి కనబడితే? ఆయన్ని అడిగిందెవరు?

తమ్ముడు పూర్తిగా ఒప్పుకోలేదు. "నంబరు చూస్తే ఏదో ఒకటి తెలియాలి కదా" అంటాడు. ఒకప్పుడు తెలిసేది కూడా. 08856 అంటే అమలాపురం, 08862 అంటే రాజోలు, 08816 అంటే భీమవరం. సెల్‌ఫోన్లలో 9440 అంటే బీఎస్ఎన్ఎల్. 2011లో నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు వచ్చాక ఆ లెక్కా పోయింది. నంబరు మనిషితోపాటు హైదరాబాద్ పోతుంది, బెంగుళూరు పోతుంది. తమ్ముడి అసహనం నాకర్థమవుతుంది. ఊరు తెలిస్తే సరిపోయేదానికి ఇప్పుడు పేరే అడుగుతున్నాం.

టు లెట్

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

భీమవరంలో నా స్నేహితుడికి మేడ మీద ఒక పోర్షన్ ఉంది. గేటుకి టు లెట్ బోర్డు, దాని మీద అతని నంబరు. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం నేనక్కడ కూచుని ఉండగా ఫోన్ మోగింది. అతను ఎత్తలేదు. మోగి ఆగిపోయాక ఆ నంబరు పేమెంట్ యాప్‌లో కొట్టాడు. పేరు వచ్చింది. ఇంటిపేరు చదివాడు. "ఊఁ" అన్నాడు. ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. ఆ మనిషి మళ్ళీ చేశాడు. ఈసారి ఎత్తి, "అద్దెకిచ్చేశామండీ, బోర్డు తియ్యలేదు" అన్నాడు. ఎంతో మర్యాదగా. పోర్షన్ ఇంకో రెండు నెలలు ఖాళీగానే ఉంది.

నేను ఏమీ అనలేదు. టీ తాగి వచ్చేశాను. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మన వైపు ఇంటిపేరు అంటే ఏమిటో గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. "ఎవరి తాలూకు" అన్న ప్రశ్నలో ఎంత ఆప్యాయత ఉందో అంత ఆరా కూడా ఉంది. ఇంటిపేరు, ఊరు, వీధి, ఈ మూడూ కలిపితే అడగకూడని ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. ఇంతకాలం ఆ జవాబు రాబట్టడానికి కొంచెం సేపు మాట్లాడాల్సి వచ్చేది. ఆ కొంచెంసేపట్లో అవతలి మనిషి గొంతు వినబడేది. ఉద్యోగం ఎక్కడ, పిల్లలెంతమంది, ఎప్పుడు దిగుతారు అన్న మాటలు దొర్లేవి. కొందరైనా మెత్తబడేవారు. ఇప్పుడు ఆ రెండు నిమిషాలు కూడా లేవు. ఎత్తకముందే అయిపోతోంది.

మొన్న ఇదంతా ఆ స్నేహితుడితోనే అన్నాను, రెండేళ్ళు ఆలస్యంగా. "మోసాలు ఎక్కువయ్యాయి కదా, ఎవరో ఏమిటో చూసుకోవద్దా?" అన్నాడు. ఆ రోజు చేసినవాడు మోసగాడని నీకు అనిపించిందా అని అడిగాను. "అది వేరే సంగతిలే" అన్నాడు.

నాకు అది వేరే సంగతి అనిపించట్లేదు. మోసం పేరు చెప్పి మనం సంపాదించుకుంటున్న సౌకర్యాల్లో కొన్ని ఇలాంటి ఏరివేతకి పనికొస్తున్నాయి. ఉద్యోగానికి ఫోన్ చేసినవాళ్ళు, ట్యూషన్ చెప్తామని చేసినవాళ్ళు, ఆడపిల్లల హాస్టల్లో సీటు అడిగినవాళ్ళు, అందరి పేర్లూ మోగుతుండగానే కనబడితే ఎవరి ఫోన్లు ఎత్తుతారు, ఎవరివి ఎత్తరు? ఇదేదీ రికార్డుల్లోకి ఎక్కదు. ఎత్తని ఫోన్ మీద కేసు పెట్టేదెవరు?

మేనకోడలి మాట

ఈ వాదనంతా మా మేనకోడలి దగ్గర చెల్లలేదు. ఆ అమ్మాయి పాలకొల్లులో మగ్గం వర్క్ షాపు నడుపుతుంది. బోర్డు మీద, ఇన్‌స్టాగ్రామ్ మీద నంబరు ఉంటుంది, ఉండక తప్పదు. రాత్రి పదకొండు దాటాక తెలియని నంబర్ల నుంచి ఫోన్లు. ఎత్తితే ఊపిరి శబ్దం, లేకపోతే నవ్వు, లేకపోతే ఇక్కడ రాయలేని మాటలు.

"మామయ్యా, నువ్వు ఎత్తి ఎవరి తాలూకండీ అంటే వాడు వాళ్ళ తాతగారి పేరు కూడా చెప్తాడు. నేను అడిగితే నవ్వుతాడు" అంది.

ఒకసారి ఆమె కూడా పేమెంట్ యాప్‌లో నంబరు కొట్టి పేరు పట్టుకుంది. అతను వాళ్ళ వీధి చివర ఉండేవాడే. నేరుగా వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి నుంచి ఫోన్లు లేవు. పోలీసులు లేరు, కాగితాలు లేవు, ఐదు నిమిషాల పని. నా దగ్గర దీనికి జవాబు లేదు. పోలీసులకి కంపెనీని రాతపూర్వకంగా అడిగి వివరాలు తీసుకునే అధికారం ఉంది, వెంటపడి వేధించడం కొత్త న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, అని చెప్పాను. "స్టేషన్‌కి వెళ్ళి ఆ మాటలు ఎవరికి చెప్పమంటావు మామయ్యా, నువ్వు వస్తావా?" అంది. వస్తానన్నాను. వెళ్ళాల్సిన అవసరం అప్పటికి తీరిపోయింది కాబట్టి అలా అనడం తేలికే.

రెండోసారి అంత సాఫీగా జరగలేదు. ఇంకో నంబరు, ఇంకో పేరు. ఫోన్ చేసి కడిగేసింది. అవతల గొంతు వణుకుతోంది. ఆయన నరసాపురంలో ఒక ముసలాయన. సిమ్ము ఆయన పేరునే ఉంది, వాడేది మనవడు. ఆయన రెండు రోజులు అన్నం తినలేదని ఆ ఇంటి కోడలు తర్వాత ఫోన్ చేసి చెప్పింది. నేను దీన్ని నా వాదనకి సాక్ష్యంగా పట్టుకోబోయాను. మేనకోడలు ఒప్పుకోలేదు. "అయినా ఆయన మనవడే కదా. దొరికాడు కదా" అంది. అదీ నిజమే.

కానీ ఈ కథలో నాకు బాగా గుర్తుండిపోయింది చివర్లో తెలిసిన ఒక సంగతి. డెలివరీ కుర్రాళ్ళకి, కొత్త కస్టమర్లకి తన పేరు పడకూడదని ఆమె షాపుకి వాడే సిమ్ము తండ్రి పేరు మీద తీసుకుంది. "నువ్వు మాత్రం పేరు దాచుకున్నావే" అన్నాను. "అవును. నాకు వాడి పేరు కనబడాలి, వాడికి నా పేరు కనబడకూడదు. రెండూ కావాలి" అంది. ఇందులో అన్యాయం ఏమీ లేదు. ఆడపిల్ల కోరుకోవాల్సిందే అది. అయితే అందరి పేర్లూ అందరికీ చూపించే ఏ పద్ధతైనా ఆమెకి మొదటిది ఇచ్చి రెండోది లాక్కుంటుంది. ఆటో బుక్ చేసినా, గ్యాస్ కోసం ఫోన్ చేసినా, చీర ఫాల్స్ కుట్టే షాపుకి చేసినా, ఇంటిపేరుతో సహా తన పేరు అవతల పడుతుంది. ఆమె తండ్రి పేరు పెట్టుకుని తప్పించుకుంది. అలా అందరూ తప్పించుకుంటే తెర మీద పడే పేర్లన్నీ తండ్రులవే, మేనల్లుళ్ళవే అవుతాయి.

మోటారు చేసిన ఫోన్

ఇక ప్రభుత్వం తెస్తున్న పద్ధతి. ఫోన్ చేసినవారి పేరు, సిమ్ము తీసుకున్నప్పటి కాగితాల్లో ఉన్నది, ఎత్తేవాళ్ళ తెర మీద పడుతుంది. 2024 ఫిబ్రవరిలో ట్రాయ్ సిఫారసు చేసినప్పుడు, కావాలన్న వినియోగదారుడికే ఈ సౌకర్యం ఇవ్వాలంది. టెలికాం శాఖ మాత్రం అందరికీ మామూలుగా ఉండాలి, వద్దనుకున్నవాళ్ళు తీసేయించుకోవచ్చు అంది. 2025 అక్టోబరులో ట్రాయ్ దానికి సరేనంది. వద్దనే వీలు ఉన్నది చూసేవాళ్ళకి, కనబడేవాళ్ళకి కాదు. నంబరే కనబడకుండా ఉండే ప్రత్యేక సౌకర్యం పొందిన కొద్దిమంది తప్ప మిగతా అందరి పేర్లూ పడాల్సిందే.

దీనిలో మంచి లేదనను. యాప్‌లోని ఎవరో పెట్టిన పేరు కన్నా కాగితం మీది పేరు నయం. అప్పు రాంబాబు అన్నది ఇందులో రాదు. కానీ కాగితం మీది పేరు ఎవరిది? టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో నా పేరున ఎన్ని సిమ్ములున్నాయో చూసుకున్నాను. ఒకరి పేరున తొమ్మిది దాకా ఉండొచ్చు. నావి నాలుగు తేలాయి. ఒకటి నాది. ఒకటి అమ్మ వాడేది. మూడోది ఉప్పలగుప్తం దగ్గర బావమరిదితో కలిసి చేసే రొయ్యల చెరువు మీద మోటారు స్టార్టర్లో ఉంది. కరెంటు పోయినా వచ్చినా అది నాకు ఫోన్ చేసి చెప్తుంది. కొత్త పద్ధతిలో అర్ధరాత్రి చెరువు గట్టు మీద నుంచి నాకు నేనే ఫోన్ చేస్తున్నట్టు నా పేరే పడుతుందన్నమాట. నాలుగోది ఎవరి దగ్గర ఉందో నాకు తెలియదు. నాది కాదని నొక్కాను. అది నా పేరుతో ఎవరికి ఫోన్లు చేసిందో, ఎవరు నా పేరు చూసి నమ్మి ఎత్తారో!

మోసగాడికి కావలసింది సరిగ్గా అదే, ఎవరో ఒక మంచివాడి పేరు. ఇంకొకరి పేరుతో మోసం చేసి సిమ్ము తీసుకుంటే మూడేళ్ళ దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా అని 2023 టెలికాం చట్టంలో ఉంది. ఉన్నా అద్దె సిమ్ముల వ్యాపారం ఆగలేదు. వాట్సాప్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని కనబడేవాడికైతే ఈ పద్ధతే వర్తించదు. పైగా ఇది మొదట వచ్చేది 4జీ, 5జీ నెట్‌వర్కుల్లో. అమ్మలాంటివాళ్ళు, మా దింపు మనిషిలాంటివాళ్ళు, పాత బటన్ల ఫోన్లవాళ్ళు చూసేవాళ్ళలో ఉండరు.

ఇంతకన్నా నాకు నచ్చింది ఆ పక్కనే చడీచప్పుడు లేకుండా జరుగుతున్న ఇంకో పని. అమ్మకాల ఫోన్లు 140తో మొదలవ్వాలి. బ్యాంకులు, బీమా కంపెనీలు తమ ఖాతాదారులకి చేసే ఫోన్లకి 1600తో మొదలయ్యే నంబర్లు వాడాలి. అమ్మకి నేర్పడానికి ఇది చాలా తేలిక. "బ్యాంకు అంటే 1600. పది అంకెల మామూలు నంబరు నుంచి బ్యాంకు అన్నాడంటే పెట్టెయ్యి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యి." ఇందులో ఎవరి ఇంటిపేరూ బయటపడదు. పెద్దవాళ్ళు, సంస్థలు ముందు తమ మొహం చూపించాలి. చెట్టెక్కేవాడి మొహం చూడ్డానికి మనకంత తొందరేం లేదు.

ఎత్తొద్దన్న సలహా

నా తప్పు కూడా ఒకటి ఉంది. తెలియని నంబరు ఎత్తొద్దని అమ్మకి చెప్పాను. మా పక్కింటావిడ అన్నీ ఎత్తుతుంది. ఆవిడ కూతురు కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఒకసారి తన ఫోన్ నుంచి చేస్తుంది, ఒకసారి తోటి పనిమనిషి ఫోన్ నుంచి, ఒకసారి ఎక్కడో ఎవరినో అడిగి. 965తో మొదలయ్యేది ఏదైనా సరే, ఒక్కోసారి ఏ దేశానిదో తెలియని నంబరు కూడా సరే, ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఎత్తుతుంది. లాటరీ తగిలిందన్నవాళ్ళనీ, ఆధార్ అప్‌డేట్ అన్నవాళ్ళనీ ఆవిడ చాలామందిని విన్నది. ఇప్పటిదాకా రూపాయి పోగొట్టుకోలేదు. ఎలా అని అడిగితే, "గొంతు తెలుస్తది కదండీ. మా అమ్మాయి కాకపోతే పెట్టేస్తానండి" అంది. అందరికీ ఇలా చెప్పడం ప్రమాదం, నాకు తెలుసు. చదువుకున్నవాళ్ళు, రిటైరైన ఆఫీసర్లు కూడా లక్షలు పోగొట్టుకున్నారు. కానీ ఎత్తకపోవడం వల్ల పోయేవి కూడా ఉన్నాయి, అవి ఏ ఫిర్యాదులోనూ రావు.

ఆ యాప్ నా ఫోన్ నుంచి తీసేశాను. పేమెంట్ యాప్ కిటుకు మానేశానని ప్రమాణం చెయ్యలేను. పోయిన వారం కూడా ఒకసారి చెయ్యి అటు వెళ్ళింది.

దింపు రోజు సాయంత్రం అమ్మ తన ఫోన్ నా చేతికిచ్చి, ఆ నంబరు పేరుతో దాచిపెట్టమంది. మళ్ళీ వస్తే తెలియాలి కదా అని. పదేళ్ళుగా అతన్ని ఏమయ్యా, ఇదిగో అని పిలవడమే తప్ప పేరు నేనెప్పుడూ అడగలేదని అప్పుడు తట్టింది. అతను కత్తి నడుముకి కట్టుకుని సైకిలెక్కబోతున్నాడు. గేటు దగ్గరికి వెళ్ళి, "నీ పేరేంటయ్యా, ఫోన్‌లో పెట్టాలి" అన్నాను.

"ఏదండీ? ఆధార్‌లోదా, పిలిచేదా?" అన్నాడు.